జానెడు తావు

మొన్న మా కోడలు కొట్టు సర్దుతూ నా పనిముట్ల పెట్టెలోంచి ఒక కర్రముక్క తీసింది. టేకు ముక్క, బొటనవేలంత లావు. స్కేలు పక్కన పెట్టి చూసి, "ఇదేం కొలత మామా, అటు అడుగూ కాదు, ఇటు అరడుగూ కాదు. పారేద్దునా?" అంది. నేను గబుక్కున లాక్కున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. ఉలి పట్టుకుంటే చేతులు వణికే ఈ వయసులో ఆ కర్రతో నాకు పనేమీ లేదు. అయినా దాన్ని పారేస్తారంటే ప్రాణం ఒప్పలేదు.

అది ఒక ఆడమనిషి జాన. వేళ్ళు బాగా చాపి పెడితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎంత వస్తుందో అంత. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె బండికి పలకలు కొట్టాను, తలుపు బందులు మార్చాను, ఆమె పోసిన దోశలు తిని ఒళ్ళు పెంచాను. పేరు మాత్రం ఏనాడూ అడగలేదు. తిరుపతి బస్టాండు దగ్గర అందరూ ఆమెను ట్రైలరక్క అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను.

డెబ్బైల చివర సంగతి. మా వడ్రంగి కొట్టు అప్పుడు బస్టాండు వెనక సందులో ఉండేది. ఒకరోజు పొద్దున్నే ఎద్దులబండి ఒకటి వచ్చి కొట్టు ముందు ఆగింది. దాని వెనక తాడుతో కట్టిన జీపు ట్రైలరు. పాత ఇనుపసామాన్ల అంగట్లో పడి ఉండేలాంటిది, రెండు చక్రాలు, పైన తుప్పు పట్టిన తొట్టి. ఆ తొట్టిలో ఒక ముసలమ్మ కొంగు తల మీదికి లాక్కుని దర్జాగా కూర్చుని ఉంది. వెనక నడుచుకుంటూ నలభై దాటిన ఒకామె వచ్చింది. పొట్టి మనిషి, నుదుటి మీద చెమట. ముసలమ్మను ఆసుపత్రికి తీసుకుపోతూ దారి అడగడానికి ఆగారేమో అనుకున్నాను.

"ఆచారీ, దీన్ని వంటిల్లు సెయ్యాల" అంది పొట్టామె.

"దీన్లోనా?"

"ఇంకేడ? నా కాడ ఉండేది ఇదే కదా."

చేతిలో పని పక్కన పెట్టి లేచాను. "సరే, అవ్వను దింపు, కొలుస్తా."

"ఆయమ్మను దింపే పన్లేదు. ఆయమ్మ దాంట్లోనే ఉంటాది. ఆయమ్మతో కలిపి కొలువు."

ముసలమ్మ ఆమె అత్త. చూపు సరిగా ఆనదు. కొడుకు జబ్బు చేసి పోయాక ఆ ఇంట్లో ఈ ఇద్దరే మిగిలారు. కోడలు కొండ బస్సులు ఆగే చోట టిఫిన్లు అమ్మాలని నిర్ణయించుకుంది. ముసలావిడను ఇంట్లో ఒంటరిగా వదిలేస్తే పొయ్యి మీద పడుతుందో, గడప తట్టుకుని పడుతుందో. అందుకని వెంట పెట్టుకుపోతుంది. ఇవన్నీ నేను అడిగితే చెప్పినవి. నాకు ఆరాలు తీసే జబ్బు ఉంది. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ దాని మీదే నన్ను సాధించింది.

గూడు రెండు జానల లోతు, పొయ్యి పెట్టే పలక మూడు జానలు అని చెప్పిపోయింది. నేను నా చేత్తో కొలుచుకుని చేశాను. మా నాయనా అట్లాగే చేసేవాడు, జాన అంటే చేసేవాడి జానే. పని అయ్యాక ఆమె వచ్చి ట్రైలరెక్కి గూట్లోకి చెయ్యి పెట్టింది. గోడకు ఆనించిన డబ్బా వేళ్ళకు అందలేదు. మునివేళ్ళ మీద లేచినా అందలేదు. తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు. దిగి వచ్చి నా పని బల్ల మీద చెయ్యి చాపి పెట్టింది.

"నీ సెయ్యి పక్కన పెట్టు."

పెట్టాను. నా వేలు ఆమె వేలి కంటే బాగా ముందుకు పోయింది.

"వంట ఎవురి సెయ్యి సేస్తాది ఆచారీ?"

నాకు తిక్కరేగింది, నిజం చెప్పాలి. నలుగురూ మెచ్చుకునే పని చేశానని మురుస్తూ ఉన్నాను. కానీ వండేది ఆమె చెయ్యే. పక్కన పడి ఉన్న టేకు ముక్క తీసుకుని ఆమె చేతి పక్కన పెట్టి కోసుకున్నాను. గూళ్ళన్నీ ఊడదీసి ఆ ముక్కతోనే మళ్ళీ కొట్టాను. అప్పుడు చూస్తే అదే ట్రైలర్లో ఇంకో గూడుకు తావు మిగిలింది. పెద్ద చేతులతో కొలిచినన్నాళ్ళూ ఆ తావు ఎక్కడ దాక్కుందో నాకు ఇప్పటికీ తెలియదు.

లాడ్జీ గోడకూ మురిక్కాలవకూ మధ్య ఒక సందు ఉండేది. ట్రైలరు సరిగ్గా అందులో దూరేది. రోజూ తెల్లారుతూనే మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే ఎద్దులబండి దాన్ని లాక్కొచ్చి అక్కడ వదిలేది, పొద్దు గుంకే వేళకు తీసుకుపోయేది. కొండ దిగే బస్సులు సరిగ్గా అక్కడే ఆగేవి. గుండ్లకు గంధం పూసుకున్న జనం ఆకలితో దిగి, ముందు ఆమె పెనం వాసనకే తల తిప్పేవాళ్ళు. ఎర్రకారం పూసిన దోశ, ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ. ఆ మూడే. నాలుగోది చెయ్యమని ఎవరైనా అడిగితే, "దాన్ని నీ నెత్తిన పెట్టుకుంటావా?" అనేది.

ఆమె లెక్కలో ఒక్క పని మాత్రమే చేసే వస్తువుకు ఆ బండిలో తావు లేదు. పిండి గిన్నె మూతే ఉల్లిపాయలు తరిగే పళ్ళెం. పక్క తలుపు కిందికి దించితే గిరాకీలు ఆకు పెట్టుకుని తినే బల్ల, పైకెత్తితే తాళం వేసే గోడ. చక్రం పైన ఉండే మడ్‌గార్డు మీద కడిగిన గ్లాసులు ఆరేవి. ఎద్దులబండికి కట్టే ఇనుప కమ్మి మీద పెద్దవాళ్ళు కూర్చుని కాఫీ తాగేవాళ్ళు. ఉప్పు ఒక కొబ్బరిచిప్పలో, ఆ చిప్ప గూడు పక్కన మేకుకు. అదంతా చూడటం నాకు ఒక సినిమా. పని లేకపోయినా బందు వదులైందేమో చూస్తానని పోయి నిలబడేవాణ్ణి.

ముసలావిడకు కూడా అదే రూలు. ఆమె ఒళ్ళో అరిటాకుల కట్ట. భుజాన చేతులు తుడుచుకునే గుడ్డ. పాదాల నడుమ చట్నీ జాడీ. పిండి గిన్నె ఒరిగిపోకుండా ఆమె మోకాలు అడ్డం. అన్నిటికన్నా విడ్డూరం స్టవ్వు పిన్ను. కిరోసిన్ స్టవ్వుకు మసి అడ్డుపడితే పొడిచే సన్నని పిన్ను అది, ఎక్కడ పెట్టినా మాయమైపోతుంది. దాన్ని అత్త కొప్పులో గుచ్చింది ఆ మహాతల్లి. మంట తగ్గగానే వెనక్కి తిరక్కుండా చెయ్యి చాపి కొప్పులోంచి పిన్ను లాగేది, పొడిచేది, మళ్ళీ గుచ్చేది. ముసలావిడ తల కొంచెం వంచేది, అంతే.

మొదటిసారి దోశ తింటూ నిలబడ్డప్పుడు ట్రైలరక్క పెనం మీంచి చూపు తిప్పకుండా నాతో అంది: "ఆయమ్మను కొంచెం జరుక్కోమని సెప్పు."

ఆయమ్మ ఆమె తుంటికి ఆనుకునే కూర్చుని ఉంది. చూపు ఆనకపోయినా చెవులు బాగానే పనిచేస్తాయి. నాకు అర్థం కాలేదు. అయినా చెప్పాను, "అవ్వా, కొంచెం జరుక్కోమంటాండాది."

ముసలావిడ నా వైపు ముఖం తిప్పింది. "యాడికి జరగాల? తిరుమలకా?"

"యాడికి జరగాల, తిరుమలకా అంటాండాదక్కా" అన్నాను, వెర్రివాడిలా.

ఆకు మీద దోశ పడింది. ముసలావిడ వెంట్రుకవాసి కూడా జరగలేదు.

అప్పుడు తెలిసింది, ఆ ఇద్దరికీ మాటల్లేవని. ఏళ్ళ తరబడి లేవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తొట్టిలో, మోచేయి మోకాలు రాసుకుంటూ పని చేస్తారు. ఒకరితో ఒకరు ఒక్క మాట అనరు. ఏం చెప్పాలన్నా గిరాకీల చేత చెప్పిస్తారు. చట్నీలో ఉప్పు చాల్లేదని సెప్పు. ఆకులు తడిసినాయని సెప్పు. రోజూ వచ్చే కండక్టర్లు, కూలీలు నమలడం ఆపకుండానే ఈ కబుర్లు అటూ ఇటూ మోసేవాళ్ళు. కొత్తగా వచ్చిన యాత్రికులు మాత్రం తెల్లమొహాలు వేసేవాళ్ళు. తెలుగు ముక్క రాని అరవాయన ఒకడు "జరుక్కో" అన్న మాటను ఆమె ఎట్లా అందో అట్లాగే ఒప్పజెబితే, ముసలావిడ అతనికి శుభ్రంగా అరవంలో జవాబిచ్చింది. తిరుమల మాత్రం ఆ జవాబులోనూ ఉంది.

ఎందుకు మాటలు మానేశారో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించలేదు. కొడుకు జబ్బుపడ్డప్పుడు ఏ వైద్యానికి పోవాలన్న దగ్గర తెగిందని ఒకరన్నారు. సంగటి అడుగంటిందన్న మాట దగ్గర అని ఇంకొకరన్నారు. చివరికి ఆమెనే అడిగాను.

"నాకు గుర్తే లేదప్పా. ఆయమ్మకు గుర్తుంటాది, అడుగు."

ముసలావిడను అడిగాను.

"నాకేం గుర్తు? ఆ మహాతల్లికే తెలుసు. దాన్నే అడుగు."

అంతటితో నా ఆరా అయిపోయింది.

ఆ రోజుల్లో తిరుపతిలో ఏ పక్క చూసినా లాడ్జీలు లేస్తున్నాయి. ఉన్నవాళ్ళు పైన అంతస్తులు వేస్తున్నారు, ముందు మెట్లు కడుతున్నారు. సందు పక్కనున్న లాడ్జీ ఆయన కూడా మెట్లు కట్టాలనుకున్నాడు. చెడ్డవాడు కాడు, పొద్దున టిఫిను ఆమె దగ్గరే తినేవాడు. ఒకరోజు చెయ్యి కడుక్కుంటూ మొహమాటంగా చెప్పాడు. "సూడమ్మా, మెట్లు ఇంత ముందుకొస్తాయి. నీ బండి ఒక జాన సన్నబడితే ఈ తావు నీదే, నేనేమీ అనను. లేకుంటే నువ్వు ఇంకో తావు సూసుకోవాల."

ఇంకో తావు ఎక్కడుంది? బస్టాండు చుట్టూ అడుగడుక్కీ ఎవరో ఒకరి బండి. కొండ బస్సు దిగిన మనిషి పది బారలు నడిచే లోపల ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగేస్తారు. ఆ సందు పోతే ఆ బండీ లేదు, ఆ ఇద్దరికీ కూడూ లేదు. ట్రైలరును నా కొట్టుకు లాక్కొచ్చారు. ఇనుప తొట్టిని సన్నం చెయ్యలేం. కానీ గోడవైపు తొట్టి బయటికి జానెడు పొడుచుకొచ్చేటట్టు నేను మొదట్లోనే కొయ్యపలక ఒకటి బిగించి ఉన్నాను. అవ్వ కూర్చునేది దాని మీదే. దాన్ని కోస్తే సరిపోతుంది.

కోస్తే అవ్వకు తావు లేదు. అవ్వను ఇంట్లో పెట్టమని అప్పటికే అందరూ చెబుతున్నారు. పక్కింటివాళ్ళు చూసుకుంటామన్నారట. నేనూ అదే మాట అన్నాను. "అవ్వ ఇంటికాడ ఉంటే నీకు జాన కాదక్కా, సగం బండి మిగులుతుంది. నువ్వు కాలు చాపుకుని పని చేసుకోవచ్చు."

ముసలావిడ తొట్టిలోనే ఉంది. అన్నీ వింటోంది. ఒళ్ళో ఆకులు లేవు ఆ రోజు. రెండు చేతులతో పలక అంచు పట్టుకుని కూర్చుంది. నాకు అది చూడ్డం కష్టమైంది.

ట్రైలరక్క వచ్చి పలక మీద జాన పెట్టి చూసింది. తర్వాత అంది: "ఆయమ్మ ఈడ లేకుంటే నేను ఎవురితో మాట్లాడకుండా ఉండాల ఆచారీ?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా నవ్వు సగంలో ఆగిపోయింది.

"పలకను జానెడు లోపలికి జరుపు" అంది. నన్ను పక్కకు పిలిచి, అవ్వకు వినపడనంత మెల్లగా అంది: "నడుమ పీట ఉండాది సూడు, దాన్ని తీసెయ్."

ఆ ముక్కాలిపీట ఆమెది. గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి ఆ బండిలో ఆమెకున్నది అదొక్కటే. "నువ్వేడ కూసుంటావు?" అంటే, "దోశలు పోసేదానికి కూసునే పనేముండాది?" అంది. అదే కర్రముక్కతో కొలిచి పలకను లోపలికి జరిపాను. పీట మా కొట్లోనే ఉండిపోయింది. బండి మళ్ళీ సందులో దూరింది, కొత్త మెట్లకు గీత పడకుండా.

ఆ రోజు నుంచి ఆమె పొద్దస్తమానం నిలబడే ఉండేది. కాళ్ళు వాచేవి. మధ్యాహ్నం బస్సులు పలచబడ్డ వేళ ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ గ్లాసులు తుడిచేది. నేను పోయినప్పుడు ముసలావిడ నన్ను దగ్గరికి పిలిచింది.

"పీట సప్పుడు ఇనపడ్డంలా. యాడ పోయింది?"

"తీసేసినామవ్వా."

"ఎందుకు?"

"తావు లేక."

ఆమె ఒళ్ళో ఆకుల కట్ట సర్దుకుంది. నాకు నోరు జారిందేమోనని కొంచెం దిగులు పట్టింది కూడా.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తలుపు బందుకు నూనె వేస్తున్నాను. ఎండ మండిపోతోంది, గిరాకీ లేదు. ముసలావిడ ఒళ్ళో ఆకులు పక్కన పెట్టింది. రెండు చేతులూ పలకకు ఆనించి, మెల్లగా, ఎముకలు పటపటమంటుంటే, గోడ వైపుకు జరిగింది. మోకాళ్ళు మెలిపెట్టి చట్నీ జాడీ మీదికి ఎత్తి పెట్టుకుంది. పలక సగం ఖాళీ అయింది.

"నేను జరిగినా" అంది నాతో. "కూసోమని సెప్పు."

నూనె డబ్బా కింద పెట్టాను. చెప్పాను. "అక్కా, అవ్వ జరిగింది. నిన్ను కూసోమంటాండాది."

ట్రైలరక్క తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది. ఇంకోసారి తుడిచింది. ఆ తర్వాత వచ్చి ఆ పలక అంచున కూర్చుంది. భుజం భుజం ఆనింది. ఇద్దరూ చెరో దిక్కు చూస్తున్నారు.

"అడుగాచారీ" అంది కొంతసేపటికి, "తిరుమల దాకా పోయొచ్చిందా అని."

ముసలావిడ ఆ ప్రశ్నను నేను మోసే దాకా ఆగలేదు. ముడతల్లో అప్పుడే నవ్వు కనిపించింది. మర్నాడు పొద్దున మామూలే. జరుక్కోమని సెప్పు. యాడికి జరగాల. కానీ మధ్యాహ్నాలు మాత్రం ఆ సగం పలక రోజూ ఖాళీ అయ్యేది.

ఎన్నేళ్ళకో ఒక చలికాలంలో ముసలావిడ ఇంట్లోనే నిద్రలో పోయింది. దినాలు అయ్యేదాకా సందు ఖాళీగా ఉంది. బస్సు దిగిన జనం అటు చూసి వెళ్ళిపోయారు. బండి మళ్ళీ వచ్చిన రెండు రోజులకు ట్రైలరక్క కబురు పెట్టింది, ఒకసారి వచ్చి బండి చూడమని. అవ్వ కూర్చున్న చోట గూళ్ళు కావాలేమో అనుకున్నాను. పలకలు, మేకులు, ఆ కర్రముక్క తీసుకుని పోయాను. వెతికి పాత ముక్కాలిపీట కూడా చంకన పెట్టుకున్నాను. ఇప్పుడు తావు ఉంది కదా, కూర్చోవచ్చు అనుకున్నాను.

బండి చూస్తే నాకు నమ్మబుద్ధి కాలేదు. పిండి ఒలికి నేల మీదికి కారుతోంది. ఆకులు జారి మురిక్కాలవలో పడ్డాయి. ఆమె మణికట్టు మీద కాలిన మచ్చ. గుడ్డ కోసం పక్కకు చెయ్యి చాపి ఖాళీ గాలిని పట్టుకుంటోంది. ఒక్క చుక్క కింద పడనివ్వని మనిషి ఆమె.

"గూళ్ళు కొట్టనా అక్కా?"

"వద్దు." పీట వైపు చూసి దానికీ తల అడ్డంగా ఊపింది. "ఇంత తావులో నాకు సేతులు ఆడ్డంలా ఆచారీ. ఆయమ్మ మోకాలుండే కాడికి ఒక సెక్క కొట్టు."

మోకాలు ఎక్కడిదాకా వచ్చేదో ఎవరు కొలిచారు? నేను కర్రముక్క పెట్టి అంచనాగా ఒక చోట చెక్క నిలబెట్టాను. ఆమె పెనం వైపు తిరిగి, దోశ తీస్తున్నట్టు పక్కకు కదిలింది. చెక్క తగల్లేదు. "ఇంకా ఈ పక్కకు." జరిపాను. మళ్ళీ కదిలింది. "ఇంకొంచెం." అట్లా జరుపుతూ వచ్చాను. ఒక చోట ఆమె తుంటి వచ్చి చెక్కకు తగిలింది. ఆమె కదలకుండా నిలబడిపోయింది.

"ఈడ" అంది.

అక్కడే మేకులు కొట్టాను. పిండి గిన్నె ఆ చెక్కకు ఆనించింది, ఒరగలేదు. గుడ్డ దాని మీద వేసింది. స్టవ్వు వెలిగించి పెనం మీద దోశ పోసింది. తీయడానికి పక్కకు తిరిగింది. తుంటి చెక్కకు తగిలింది.

"ఆయమ్మను కొంచెం జరుక్కోమని సెప్పు" అంది, పెనం మీంచి చూపు తిప్పకుండా.

అనేశాక తెలిసింది ఆమెకు. అట్లకాడ గాల్లో ఆగిపోయింది. నా చేతిలో సుత్తి ఉంది. ఇన్నేళ్ళూ మోసిన మాటలు నా నోట్లో ఉన్నాయి, అవే వచ్చాయి.

"యాడికి జరగాల, తిరుమలకా అంటాండాదక్కా."

ఆమె నవ్వింది. ఆమె అట్లా గట్టిగా నవ్వడం నేను అదే చూడటం. నవ్వుతూ నవ్వుతూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతూనే ఉన్నాయి. నేను సుత్తి కింద పెట్టి బస్సుల వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి స్టవ్వు మంట తగ్గింది. ఆమె చెయ్యి వెనక్కి పోయింది, చెక్క మీద తడుముకుంది, తర్వాత పైకి లేచి తన కొప్పులోంచి పిన్ను లాగింది. అప్పుడు చూశాను, ఆ కొప్పు కూడా సగం నెరిసిపోయింది.

దోశ మాడిపోయింది. దాన్నే ఆకులో వేసి నా ముందు పెట్టింది. తిన్నాను.